ఫోను సరే, ముందు పది చెట్లు మినహాయించుకోండి

ఈ మధ్య మన నూజివీడు ప్రాంతంలో నలుగురు మామిడి రైతులు ఒకచోట చేరితే, పూత గురించి, తామర పురుగు గురించి మాట్లాడుకున్నాక మూడో మాట ఫోను మీదికి పోతోంది. ఫలానా ఊరి కుర్రాడు ఇన్‌స్టాగ్రామ్‌లో బంగినపల్లి ఫొటోలు పెట్టి హైదరాబాదుకు పెట్టెలకు పెట్టెలు పంపుతున్నాడట. కమీషన్ లేదట, తరుగు లేదట, డబ్బు ముందే ఫోన్లో పడిపోతోందట. చెప్పేవాడు చూసి చెబుతున్నాడో, విని చెబుతున్నాడో తెలియదు గాని వినేవాళ్ల కళ్లు మాత్రం పెద్దవవుతాయి. "మనమూ పెడదామా బాబాయ్" అని ఒకరంటారు. "మనకెక్కడ చేతనవుతుంది లేరా" అని ఇంకొకరంటారు. అక్కడితో ఆ మాట ఆగిపోతుంది. వేసవి రాగానే మళ్లీ లోడు వేసుకుని నున్న మార్కెట్టు దారే పడతాం.

నాది మూడెకరాల తోట. రెండు సీజన్లుగా మా ఇంట్లో ఈ పని చేసి చూశాం. ఫోను పని మా కోడలిది, చెట్టు దగ్గర, పెట్టె దగ్గర పని నాది. చేతులు కాల్చుకున్నాం, కాస్త మిగుల్చుకున్నాం కూడా. కాబట్టి ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పొచ్చుననుకుంటున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇది పనికొచ్చే సాధనమే. అయితే మీరు విన్నంత గొప్పదీ కాదు, మీరు భయపడుతున్నంత కష్టమైనదీ కాదు. మనకు అడ్డు తగులుతున్నది ఫోను తెలియకపోవడం కాదు, వేరే ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తెలియనివారి కోసం ఒక్క ముక్క. ఇన్‌స్టాగ్రామ్ అనేది ఫొటోలు, చిన్న చిన్న వీడియోలు పదిమందికీ చూపించుకునే ఏర్పాటు. 2010లో అమెరికాలో మొదలైంది. 2012లో దాన్ని ఫేస్‌బుక్ వాళ్లు కొనుక్కున్నారు. మన దేశంలో 2020 జూన్ నెలాఖరున టిక్‌టాక్‌ను నిషేధించాక, జులైలో ఇందులోకి రీళ్లు వచ్చాయి. అప్పట్నుంచి ఊరి కుర్రాళ్లంతా దాంట్లోనే ఉన్నారు. ఖాతా తెరవడానికి డబ్బు అక్కర్లేదు. వ్యాపారం చేసుకునేవాళ్ల ఖాతా కూడా ఉచితమే. మనకు అలవాటైన వాట్సాప్ స్టేటస్‌కూ దీనికీ తేడా ఏమిటంటారా? వాట్సాప్‌లో మీ నంబరు దాచుకున్నవాళ్లే మీ స్టేటస్ చూస్తారు. అంటే మీ చుట్టాలు, మీ ఊరివాళ్లు, పురుగుమందుల షాపు కుర్రాడు. వాళ్లందరి దొడ్లోనూ మామిడి చెట్టుంది, మీ కాయ ఎవరు కొంటారు? ఇన్‌స్టాగ్రామ్‌లో మీకు ముక్కూ మొహం తెలియని హైదరాబాదు ఇల్లాలు, బెంగళూరులో ఉద్యోగం చేసుకునే మనవాళ్ల పిల్లలు మీ తోట చూడగలుగుతారు. కొత్తవాళ్లు అక్కడ దొరుకుతారు, దొరికినవాళ్లను వాట్సాప్‌లోకి తెచ్చి నిలుపుకోవాలి. మాకు కలిసొచ్చిన పద్ధతి ఇదే.

నూనెగుడ్డ పెట్టి తుడిచిన కాయలు

మొదటి ఏడాది చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకండి. చెట్టు మీంచి చిక్కంతో దింపిన కాయల్లో పెద్దవి, మచ్చలేనివి ఆరు ఏరి, నూనెగుడ్డతో తుడిచి, ఎర్రచీర మీద పెట్టి ఫొటో తీశాం. ఫొటో అద్భుతంగా వచ్చింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పన్నెండు పెట్టెలకు ఆర్డర్లు వచ్చాయి. పెట్టెల్లో వెళ్లింది మాత్రం తోటలో ఉన్న కాయే. తామర పురుగు గీరిన మంగు మచ్చలు, ఆకు రాసుకున్న గీతలు, అక్కడక్కడా సొన కాలిన నల్లటి చారలు. రుచిలో ఏ లోపమూ లేదు. కానీ పెట్టె విప్పినామె ఫొటోలో చూసింది ఒకటి, చేతికొచ్చింది ఒకటి. ఐదుగురు డబ్బు వెనక్కి అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమే. ఇచ్చేశాం. ఒకావిడ మాత్రం "కాయ బాగానే ఉంది గాని మీరే బాగా లేరండీ" అని రాసింది. ఆ మాట నాకు మార్కెట్టులో ఎవడు తిట్టినా తగలనంతగా తగిలింది.

మార్కెట్టులో కాయను చూసి ధర కడతారు. ఇక్కడ ఫొటో చూసి డబ్బు కడతారు, కాయ తర్వాత చూస్తారు. అంచేత ఫొటో అంటే మాట ఇవ్వడమే. రెండో ఏడాది మా కోడలు కొత్తపని చేసింది. మంగు మచ్చ ఉన్న కాయను, దాన్నే కోసిన ముక్కలను పక్కపక్కన పెట్టి తీసి, "ఇది తామర పురుగు గీరిన మచ్చ, తొక్క మీదే ఉంటుంది, లోపల ఇలా ఉంటుంది, మచ్చలేని కాయే కావాలనుకుంటే దయచేసి మా దగ్గర తీసుకోవద్దు" అని రాసింది. నేను గొడవ పెట్టాను, ఉన్న గిరాకీ పోగొడుతున్నావమ్మా అని. "లేదు మావయ్యగారూ, రెండు రోజులు చూడండి" అంది. ఆ సీజన్ మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ ఆర్డర్లు ఆ ఫొటోకే వచ్చాయి. పట్నంవాళ్లకు కాయ మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. పండు నిగనిగలాడితే వాళ్లకు కార్బైడ్ గుర్తొస్తుంది. మచ్చ చూపించిన రైతును నమ్మారు.

ఫొటో తీయడంలో పెద్ద విద్యేమీ లేదు. ఫోను వెనక అద్దం గుడ్డతో తుడవండి. మన చేతులకు సొన, మట్టి ఉంటాయి గదా, సగం ఫొటోలు మసకగా రావడానికి అదే కారణం. పొద్దున్నే గాని సాయంత్రం గాని, చెట్టునీడలో తీయండి. మిట్టమధ్యాహ్నం ఎండలో తీస్తే కాయ ఒకవైపు తెల్లగా పేలిపోతుంది, ఇంకోవైపు నల్లగా ఉంటుంది. కాయ పక్కన మీ చెయ్యి పెట్టండి, సైజు తెలుస్తుంది. కాటా మీద పెట్టి బరువు కనబడేలా తీస్తే ఇంకా మంచిది. రంగులు పెంచే తంతుల జోలికి పోవద్దు. ఇంకొకరి తోట ఫొటో ఎత్తుకొచ్చి పెట్టడం అసలే వద్దు. పక్క ఊరి తోటను జనం గుర్తుపడతారు, పరువు పోతుంది.

కాయల ఫొటోలకన్నా పని చేస్తున్న ఫొటోలు జనం ఎక్కువ చూస్తారని మాకు తెలిసింది. పూత, పిందె, కవరు కట్టడం, తొడిమతో సహా కోసి కాయను బోర్లించి సొన కార్చడం, వరిగడ్డిలో మాగవేయడం, ఇవన్నీ మనకు రోజూ చేసే చాకిరి. పట్నంవాడికి ఎన్నడూ చూడని వింత. ఫిబ్రవరిలో పిందె చూసినవాడు ఏప్రిల్లో కాయ ఎప్పుడొస్తుందని తనే అడుగుతాడు. అంచేత కాయ కోసిన రోజున ఖాతా తెరిస్తే లాభం లేదు, పూతనాడే తెరవాలి. రాసేటప్పుడు ఊరి పేరు, రకం పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. వెతికేవాడు "చిన్నరసం" అనీ, "నూజివీడు మామిడి" అనీ వెతుకుతాడు గాని మీ ఇంటిపేరుతో వెతకడు.

అన్ని కాయలూ ఫొటోకు అమ్ముడుపోవు

ఇక్కడ కొంచెం నిలబడాలి. ఏ పంటైనా ఫోన్లో పెట్టి అమ్మేయొచ్చని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లను ఒక్క మాట అడగాలనుంది: 2025లో చిత్తూరు వైపు తోతాపురి ధర పడిపోయినప్పుడు, కాయలతో నిండిన ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరినప్పుడు, ఆ రైతు ఏ ఫొటో పెట్టాలి? అప్పుడు కిలో 12 రూపాయలని, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇచ్చేటట్టు ధర కట్టవలసి వచ్చింది. తోతాపురి ఎక్కువగా గుజ్జుకు పోయే కాయ. దాన్ని ఇంటికి పెట్టె తెప్పించుకుని తినేవాళ్లు ఎంతమంది? ఆ రైతుకు కావలసింది ఫ్యాక్టరీతో ముందే ఒప్పందం, ప్రభుత్వం అండ. అతనికి ఇన్‌స్టాగ్రామ్ గురించి బోధించడం పుండు మీద కారం చల్లడమే.

ఇంటి పంటగా తినేవి, పేరున్నవి, పదిరోజుల్లో చేరగలిగేవి మాత్రమే ఇలా పోతాయి. మనవైపు బంగినపల్లి, రసాలు, సువర్ణరేఖ, ఇమాంపసంద్ పోతాయి. ఆవకాయకు పచ్చికాయ కూడా పోతుంది. మే నెలలో మంచి పుల్లటి కొత్తపల్లి కొబ్బరి కావాలని అడిగేవాళ్లకు లెక్కలేదు. మామిడి కాకపోతే మంచి బెల్లం, గానుగ నూనె, నెయ్యి, దేశవాళీ బియ్యం, పసుపు, మిరపపొడి. వరి పండించి మిల్లుకు తోలే రైతు, పత్తి రైతు, మొక్కజొన్న రైతు దీనికోసం పొద్దు పాడుచేసుకోనక్కర్లేదు. పూలూ ఆకుకూరలూ వేసేవాళ్లకు దగ్గరి పట్నంలో వాట్సాప్ గ్రూపు చాలు.

సరే, మామిడికే లెక్క వేద్దాం. ఉదాహరణకు మార్కెట్టులో బంగినపల్లి కిలో 25 రూపాయలు పలికిందనుకోండి. పదిశాతం కమీషన్ కింద రెండున్నర, తరుగు కింద రూపాయి పావలా, బండి కిరాయి ఇంకో రూపాయి పావలా పోతే చేతికి 20 వస్తుంది. అదే కాయలో మొదటి రకం ఏరి, ఐదు కిలోల పెట్టె 400కు అమ్మారనుకోండి, పార్సిల్ ఖర్చు కొన్నవాడిదే. అట్టపెట్టె, గడ్డి, కాగితం, టేపు కలిపి 45. ఏరి సర్దినందుకు కూలి 20. పెట్టెను బస్టాండుకు చేర్చడానికి 15. కుళ్లిపోయినవి, డబ్బు వెనక్కిచ్చినవి పెట్టెకు 20 వేసుకోండి. మొత్తం 100. మిగిలింది 300, అంటే కిలోకు 60. మార్కెట్టుకన్నా కిలోకు 40 ఎక్కువ. ఇదీ అందరూ చెప్పే మాట, ఇంతవరకు నిజమే.

చెప్పని మాట ఏమిటంటే, సీజన్లో మీరు ఎన్ని పెట్టెలు పంపగలరు? కొత్తగా మొదలెట్టిన ఇల్లు నూరు పెట్టెలు పంపితే గొప్ప. నూరు పెట్టెలంటే అర టన్ను. మూడెకరాల తోటలో కాపు బాగుంటే తొమ్మిది టన్నులొస్తుంది. అంటే ఎనిమిదిన్నర టన్నులు మళ్లీ మార్కెట్టుకే. అర టన్ను మీద వచ్చిన అదనం 20,000 రూపాయలు. అందులోంచి మా కోడలు నలభై రోజులపాటు రోజుకు రెండున్నర గంటలు ఫోనుతో వేగినందుకు, గంటకు 50 వేసినా 5,000 తీయాలి. ఇంట్లో ఆడవాళ్ల పనికి కూలి కట్టే అలవాటు మనకు లేదు గనక ఆ లెక్క ఎవరూ వేయరు. నేను వేస్తున్నాను. రాత్రి పదకొండింటికి "కాయ తియ్యగా ఉంటుందా అండీ" అని అడిగేవాడికి విసుక్కోకుండా జవాబు రాసింది ఆమెగాని నేను కాదు.

మిగిలింది 15,000. ఇది తోటంత లాభమేమీ కాదు. పిల్లాడి కాలేజీ ఫీజులో ఒక వాయిదా, లేదా వచ్చే ఏడాది పూతకు కొట్టే రెండు మందుల ఖర్చు. కానీ ఆ రెండు మందుల డబ్బు ఎక్కడినుంచి తెస్తున్నామన్నదే అసలు సంగతి. ఆ సంగతి చివర చెబుతాను.

పార్సిల్, మోసం, ఖాతా

మొదటి ఏడాదే ఇంకో దెబ్బ తగిలింది. శుక్రవారం సాయంత్రం తొమ్మిది పెట్టెలు పార్సిల్ ఆఫీసులో ఇచ్చాం. ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. శనివారం చేరాల్సినవి సోమవారం మధ్యాహ్నం చేరాయి. ఆదివారమంతా రేకుల షెడ్డులో పడి ఉన్నాయి. పండిపోయి, చెమ్మపట్టి, అట్ట మెత్తబడి కూలిపోయింది. అడిగితే రసీదు వెనక అచ్చువేసిన అక్షరాలు చూపించారు, పాడైపోయే సరుకుకు బాధ్యత లేదని. అప్పట్నుంచి మేం ఆదివారం మొదలుకుని బుధవారం దాకానే పంపుతాం, గురువారం నుంచి పంపం. పండుకాయ అసలే పంపం. బుజాలు లేచి పక్వానికి వచ్చిన గట్టి కాయ పంపి, ఇంట్లో నాలుగైదు రోజులు ఎలా మాగవేసుకోవాలో పెట్టెలో చిన్న చీటీ పెడతాం. పెట్టెకు చుట్టూ బెజ్జాలుండాలి. తొడిమ కొంచెం ఉంచి కోయాలి. ఒకదానికొకటి తగలకుండా గడ్డి వేయాలి. ఇవి మీకు నేను చెప్పాలా? మార్కెట్టుకు తోలేటప్పుడు పట్టించుకోం, అంతే.

డబ్బు ముందే తీసుకోండి. పరిచయస్థుడైనా సరే, ముఖం చూసి అప్పు పెట్టకండి. ఇక మోసాల సంగతి. డబ్బు మీకు రావాలంటే మీరు పిన్ నంబరు కొట్టవలసిన అవసరం ఎప్పటికీ లేదు. "నేను మిలటరీ క్యాంటీన్‌కు యాభై పెట్టెలు కొంటున్నాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, అడ్వాన్స్ వచ్చేస్తుంది" అని ఎవడైనా అంటే వాడు దొంగ. డబ్బు పంపానని తెరఫొటో పంపితే నమ్మొద్దు, మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. పొరపాటున పోయిందా, ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. గంటల్లో చేస్తేనే ఆపడానికి వీలుంటుంది. సిగ్గుపడి మూడు రోజులు దాచుకున్నవాడికి ఎవరూ ఏమీ చేయలేరు.

అలాగే "మీ ఖాతా మూసేస్తున్నాం, ఈ లింకు నొక్కి పాస్‌వర్డ్ ఇవ్వండి" అని సందేశాలొస్తాయి. నొక్కితే ఖాతా వాళ్ల చేతికి పోతుంది. రెండు తాళాల పద్ధతి ఒకటుంది, పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకు వచ్చే నంబరు కూడా అడిగేది. అది పెట్టించుకోండి, పిల్లలకు తెలుసు.

ఇంకో ముఖ్యమైన మాట. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా సొంత పొలం కాదు, కౌలు పొలం. అది కూడా కాగితం లేని కౌలు. మిమ్మల్ని వెయ్యిమంది అనుసరిస్తున్నా మీరు పెట్టిన ఫొటో వెయ్యిమందికీ చూపించాలన్న నియమం వాళ్లకు లేదు. ఎవరికి చూపాలో, ఎంతమందికి చూపాలో వాళ్ల యంత్రమే నిర్ణయిస్తుంది. నిన్న పదివేలమంది చూసిన రీలు లాంటిదే ఇవాళ పెడితే రెండొందలమంది చూస్తారు, కారణం చెప్పేవాడుండడు. మీరేదో పాపం చేశారనుకుని బాధపడొద్దు. కొన్నవాళ్ల పేరు, ఊరు, ఫోను నంబరు, ఏ రకం తీసుకున్నారు అన్నవి ఒక పొడుగు నోటుపుస్తకంలో రాసిపెట్టండి. మా ఇంట్లో రెండో ఏడాది అమ్మిన పెట్టెల్లో సగానికి పైన ఆ పుస్తకంలో ఉన్నవాళ్లకే. ఖాతా రేపు పోయినా పుస్తకం ఇంట్లోనే ఉంటుంది.

అమెరికానుంచి కూడా అడుగుతారు. అక్కడికి పంపుతామని ఒప్పుకోకండి. మన మామిడిని 2007 నుంచి అక్కడికి రానిస్తున్నారు గాని వికిరణ ప్రక్రియ చేయించాలి, తనిఖీలుంటాయి, అది పెద్ద ఎగుమతిదార్ల పని. అయితే డాలస్‌లో ఉన్న అబ్బాయి గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకు పెట్టె పంపించమంటాడు చూశారూ, ఆ ఆర్డరు మాత్రం వదలొద్దు. వాళ్లు ఏటేటా అడుగుతారు.

చట్టం గురించి కూడా తెలిసుండాలి. పొలంలో పండిన కాయను రైతే అమ్ముకుంటే 2006 నాటి ఆహార భద్రతా చట్టం రైతు జోలికి రాదు. అదే ఆవకాయ, మామిడి తాండ్ర, నెయ్యి, కారప్పొడి చేసి అమ్మారో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చిన్నవాళ్లకు అది పెద్ద ఖర్చు కాదు, భయపడొద్దు. కార్బైడ్‌తో మాగబెట్టడం నేరం. ఎథిలీన్ వాయువుతో 100 పీపీఎం మోతాదు వరకు చట్టం అనుమతిస్తుంది. అందుకు గది కావాలి, మనబోటివాళ్లకు వరిగడ్డి చాలు.

అడ్డు ఎక్కడుంది?

1999 జనవరి 26న రైతుబజార్లు తెరిచినప్పుడు కూడా ఇవే మాటలు విన్నాం, దళారీ పోయాడని. పట్నానికి పక్కనున్న ఊళ్లవాళ్లు, బస్సు ఉన్నవాళ్లు, తెల్లారేసరికి గంపతో వెళ్లగలిగినవాళ్లు బాగుపడ్డారు, కాదనను. దూరపు ఊరివాడు వెళ్లలేకపోయాడు. కొన్నిచోట్ల రైతు గుర్తింపు కార్డు సంపాదించి వ్యాపారులే కూర్చున్నారు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అదే మొదలైంది. "మా తోట నుంచి నేరుగా" అని రాసుకున్నవాళ్లలో తోట లేనివాళ్లు ఎంతమందో! మార్కెట్టులో ట్రేలకు ట్రేలు కొని, ఎవరి చెట్టు కిందో నిలబడి రీలు తీసి, రైతు పేరుతో అమ్ముతున్నారు. ఫొటో తీయడం మనకన్నా వాళ్లకే బాగా వచ్చు.

వాళ్లకు కాయ ఎక్కడిది? మన దగ్గరిదే. మనలో చాలామంది పూత మీదో పిందె మీదో తోట అమ్మేసుకుంటున్నాం. జనవరిలో మందుకు డబ్బుండదు, సంక్రాంతికి అల్లుడొస్తాడు, సొసైటీ బాకీ ఉంటుంది. బేరగాడు వచ్చి చేతిలో లక్ష పెడతాడు. ఆ క్షణం నుంచి చెట్టు మనదే గాని కాయ మనది కాదు. కాపలా అతనిది, కోత అతనిది, ధర అతనిది. ఇక మీ చేతిలో ఎంత మంచి ఫోనుంటే మాత్రం దేని ఫొటో తీసి పెడతారు? పూతనాడే పంటను వదిలేసుకున్నవాడికి అమ్మకం గురించి ఎవరు ఏ పాఠం చెప్పినా ప్రయోజనం లేదు. ఇదే నేను చెప్పదలచిన అడ్డు. అది సెల్లులో లేదు, పుష్యమాసపు అడ్వాన్సులో ఉంది.

బేరగాడిని తిట్టడం నా ఉద్దేశం కాదు. గాలివానకు కాయ రాలితే నష్టం అతనూ మోస్తాడు. కాపు పోతే అతనూ మునుగుతాడు. తోట మొత్తం ఇవ్వొద్దు, నిలబెట్టి మీరే అమ్ముకోండి అని చెప్పే ధైర్యం నాకు లేదు. మూడెకరాలవాడు ఒక్క గాలిదుమారానికి ఏడాది తిండి పోగొట్టుకోలేడు. కానీ తిండికి రెండు చెట్లు వదిలేసి బేరం చేసుకోవడం మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. ఆ రెండును పది చేయండి అంటున్నాను. కాపులో ఉన్న బంగినపల్లి పది చెట్లు తక్కువలో తక్కువ టన్ను కాయ ఇస్తాయి. అందులో ఏరితే సగం మొదటి రకం, అంటే ఇందాక చెప్పిన నూరు పెట్టెలు. మిగతాది ఆవకాయకు, లోకల్ అమ్మకానికి పోతుంది. బేరం ధర కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. మొదటి ఏడాది వచ్చిన 15,000 తర్వాతి పూతకు మందుల డబ్బవుతుంది. మందుల డబ్బు చేతిలో ఉంటే పూత మీద అమ్మాల్సిన అవసరం ఉండదు, కాయ నిమ్మకాయంత అయ్యాక బేరం చేయొచ్చు. అప్పుడు ధర వేరు. మా ఇంట్లో అలాగే జరిగింది.

కౌలుకు తోట చేసేవాళ్ల మాటేమిటి అని అడుగుతారు. నిజమే, వాళ్లకు పది చెట్లు మినహాయించుకునే హక్కు లేదు, అప్పు కూడా ఎక్కువ. నా దగ్గర వాళ్లకు పూర్తి జవాబు లేదు. అయితే డ్వాక్రా సంఘంలో ఉన్న ఆడవాళ్లకు సంఘం అప్పు వడ్డీ తక్కువకు దొరుకుతుంది. నాలుగిళ్లవాళ్లు కలిసి ఆ డబ్బుతో పది చెట్ల కాయ సరైన ధరకు కొని, ఒకే ఖాతా పెట్టుకుని అమ్మితే అది వ్యాపారమే. ఖాతా ఒక్కటి ఉంటేనే మంచిది కూడా. నాలుగిళ్లు నాలుగు ఖాతాలు తెరిచి ఒకరి కాయను ఒకరు తక్కువ చేసి ధర పడగొట్టుకోవడం నేను చూశాను. అధికారులకు కూడా ఒక మాట: శిక్షణ తరగతులు పెట్టి ఫొటోలు ఎలా తీయాలో చెబుతున్నారు, సంతోషం. మే నెలలో మండల కేంద్రం నుంచి రాత్రికి బయల్దేరి తెల్లారేసరికి హైదరాబాదు చేరే పార్సిల్ బండికి ఒక ఏర్పాటు చేయించండి. దానితో పోలిస్తే ఫొటోలు మా పిల్లలే తీస్తారు.

ఇంకొన్నాళ్లలో పూత కనబడుతుంది. వెనకాలే బేరగాడు వస్తాడు. ఆ రోజు మాట వరసకు చెప్పి ఊరుకోకండి. రోడ్డుకు దగ్గరగా, కాపలాకు అనువుగా ఉన్న పది చెట్లు ముందే చూసుకుని మొదళ్లకు సున్నం పట్టీ వేయించండి. బేరం కాగితంలో "సున్నం గుర్తు ఉన్న 10 చెట్లు మినహా" అని రాయించి, ఇద్దరి సంతకాలయ్యాకే అడ్వాన్సు అందుకోండి. ఆ సాయంత్రం సున్నం చెట్ల కింద నిలబడి మొదటి ఫొటో తీయమనండి మీ ఇంట్లో పిల్లల్ని.